చిలుక విడిచిన పండు

మా ఊరి వెనక గుట్టల దగ్గర మొదలై కృష్ణ వైపు దిగే అడవిలో కొంత భాగాన్ని జంగ్లాత్ వాళ్లు మూసేశారు. సర్కారు అడవి శాఖను మా వైపు అప్పటికీ ఆ పాత పేరుతోనే పిలిచేవారు. అంతకుముందు అది జాగీర్దారు వేటాడుకున్న అడవి. జాగీర్లు పోయాక సర్కారు చేతికి వచ్చింది. గొర్రెలు పోకూడదు, గొడ్డలి పోకూడదు, తుపాకి అసలే పోకూడదు. మనిషి ఉత్త చేతులతో పోయి ఉత్త చేతులతో వస్తే ఎవరూ ఏమీ అనరు. అయితే గొర్రెలు కాచుకు బతికే మా ఊళ్లో ఉత్త చేతులతో అడవికి పోయే తీరిక ఎవరికుంటుంది? పందొమ్మిదివందల యాభైల చివర్లో కొన్నేళ్లపాటు అలా పోయి వచ్చింది నేనూ, నా బిడ్డా. పిట్టలను చూడబోతున్నామని ఊళ్లో నవ్వేవారు. మొదట మేం పోయింది బిడ్డకు మాట రావాలని.

నా బిడ్డకు నాలుగో ఏడు వచ్చినా నోట మాట రాలేదు. ఇద్దరు పసిగుడ్లు మట్టిలో కలిశాక, మల్లన్నకు మొక్కుకుంటే దక్కిన పిల్ల. నవ్వేది, అలిగేది, కోపం వస్తే నేల మీద పడి కాళ్లు కొట్టుకునేది. గొంతులో నుంచి ఏవో కూతలు వచ్చేవి. అమ్మా అన్న మాట మాత్రం రాలేదు. తోటి పిల్లలు ముచ్చట్లు చెప్పే ఈడులో నా పిల్ల నా కొంగు పట్టి గుంజేది. బావి దగ్గర ఆడవాళ్ల నోళ్లు ఊరుకునేవి కావు.

"ఏం వదినా, నీ బిడ్డ మౌనం పట్టిందా ఏంది?" అని ఒకామె అడిగేది.

"పట్టనియ్యి తియ్యి. దాన్ని చేసుకునేటోడు పుణ్యం చేసుకున్నోడు" అని ఇంకొకామె అందుకునేది.

అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. ఇంటికి వచ్చి కుండ దించుకునేటప్పుడు కళ్లు తుడుచుకునేదాన్ని. నేను బడి ముఖం చూడలేదు. మా నాయిన గొర్ల మంద పక్కన ఇసుకలో వేలు పట్టి దిద్దించిన అక్షరాలే నా చదువు. ఆ అక్షరాలే నా బిడ్డకూ దిద్దించాలని నాకు కోరిక ఉండేది. మాటే లేని పిల్లకు అక్షరం ఎక్కడ నిలుస్తుందని నాలో నేనే అనుకునేదాన్ని.

మా అత్త వసకొమ్ము అరగదీసి నాలుకకు రాసింది. అమావాస్యకు దిష్టి తీసింది. ఏదీ పని చేయక చివరికి ఒకనాడు, చేటలో జొన్నలు చెరుగుతూ తీర్పు చెప్పింది.

"చిలుక కొరికిన పండు పెట్టు పిల్లకు. మా తమ్మునికి గట్లనే మాటలొచ్చినయ్. ఇప్పుడు వాని నోరు మూపిచ్చేటోడు ఊళ్లె లేడు."

"యాడ దొరుకుతది అత్తమ్మా?"

"శికారు బంగ్ల కాడ జామచెట్లున్నయ్ గద. జర విను, ఊకె ఏరుకొచ్చి పెడితె పనికిరాదు. కిందపడి మన్నంటింది వద్దు. చిలుకను అదిలిచ్చి గుంజుకున్నది వద్దు. అది కడుపునిండ తిని, తనంత తాను ఇడిచిపెట్టి పోవాలె. గప్పుడు తెంపి, కత్తి పెట్టకుండ, కడగకుండ, ఆ చెట్టు కిందనే పిల్ల నోట్ల పెట్టాలె. తల్లే పెట్టాలె."

అప్పటి నుంచి మా నడక మొదలైంది. తెల్లవారి వాకిలి ఊడ్చి, దేవుని గూట్లో దీపం పెట్టి, పిల్లను చంకనేసుకుని బయలుదేరేదాన్ని. గుట్ట దాటాక దాన్ని దించి నడిపించేదాన్ని. రేల చెట్లు, మోదుగులు, తునికి చెట్లు. వాటి మధ్య గడ్డి మీద మంచుకు కాళ్లు తడిసేవి. కోసు దూరంలో, అంటే రెండు మైళ్లకు, జాగీర్దారు వేటకు వచ్చి దిగిన శికారు బంగ్లా ఉండేది. పైకప్పు కూలి, గోడల్లో రావి మొలకలు లేచి, మెట్ల మీద పాము కుబుసాలు కనిపించేవి. దాని వెనక జాగీర్దారు పెట్టించిన జామతోట అడివిపాలై గుబురుగా పెరిగింది. కాపు ఉన్నన్నాళ్లూ అది చిలుకలదే.

అక్కడ కాపలా ఉండే జవాను ముసలి సాయబు. మొదటి రోజు మమ్మల్ని చూసి కర్ర ఆనించుకుని నిలబడ్డాడు.

"ఏం బిడ్డా, గొర్లోళ్ల కోడలివి, గొర్లు లేకుండ ఒచ్చినవ్? సర్కార్ పరేషాన్ అయితది."

సంగతి చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"కూసో. కదలకు. చిలుకకు మనిషి చెయ్యి కదిలితె చాలు, పండు ఇడిచి పోతది. గట్ల ఇడిస్తె మీ అత్త ఒప్పుకోదు గద."

ఆయనకు రుణపడి ఉన్నాను. ఆ అడవిలో కూర్చోవడం ఎలాగో నేర్పింది ఆయనే.

చిలుక ఒక పండు తిని విడవాలంటే ఎంతసేపు పడుతుందో, ఎదురుచూసినవాళ్లకే తెలుస్తుంది. ఒక పండు రుచి చూసి ఇంకో కొమ్మకు పోతుంది. మళ్లీ వస్తుంది. తలకిందులుగా వేలాడుతుంది. సగం తిన్నాక జతగాడితో కొట్లాటకు పోతుంది. అంతసేపూ ఊపిరి బిగబట్టి కూర్చోవాలి. ఇంట్లో ఒక్క చోట నిలవని నా పిల్ల అక్కడ రాయిలా కూర్చునేది. దాని కళ్లు మాత్రం తిరుగుతూ ఉండేవి. చిలుక కోసం చూస్తూ చూస్తూ మిగతావన్నీ చూడటం అలవాటైంది మాకు. జుట్టు విప్పి మూసే కుకుడుగువ్వ, చెట్టు బెరడు మీద కొట్టే వడ్రంగి పిట్ట, బంగ్లా గోడ మీద పాలపిట్ట, పొదల కింద పిల్లలను వెంటేసుకు పోయే కౌజు. ఎండిన వాగులో ఒక చిన్న మడుగు ఉండేది. సాయంత్రాలు అక్కడికి నెమళ్లు నీళ్లకు దిగేవి. తీరిక దొరికిన పూట ఆ మడుగు దాకా కూడా నడిచేవాళ్లం.

నాకంటే ముందు అదే చూసేది. చూసి నా మోకాలు మీద తట్టేది. కుకుడుగువ్వ అయితే నెత్తి మీద వేళ్లు విప్పి పెట్టేది. వడ్రంగి పిట్ట అయితే పిడికిలితో నా మణికట్టు మీద పొడిచేది. కొంగ అయితే ఒంటికాలి మీద నిలబడి తూలిపడేది. ఎవరూ నేర్పలేదు. అదే కల్పించుకుంది. నేనూ అవే సైగలు చేస్తే దాని ముఖం వెలిగేది. మాటకు ముందు ఇవి వస్తున్నాయి, వీటి వెనకే మాట వస్తుందని నేను ఆశపడ్డాను. చిలుక విడిచిన పండు తెంపి నోట్లో పెట్టి, మల్లన్నను తలుచుకుని, "అమ్మా అను బిడ్డా" అనేదాన్ని. అది గింజలు నములుతూ నా పెదవుల వంక చూసేది.

ఒక కాపు అట్లా పోయింది. రెండో కాపు వచ్చింది.

ఆ రోజు మబ్బు పట్టి ఉంది. చెట్టు కింద పిల్ల నాకు చేతికందేంత దూరంలో గొంతుక్కూర్చుని చీమల బారును చూస్తోంది. నేను తెంపిన పండు చేతిలో పట్టుకుని ఉన్నాను. కూలిన గోడ అవతల, మా వీపుల వెనక, ఒక నెమలి ఒక్కసారిగా కూసింది. దగ్గర నుంచి నెమలి కూత విన్నవాళ్లకు తెలుసు, గుండె జారిపోతుంది. నేను ఉలిక్కిపడ్డాను. పండు చేతిలోంచి జారి మట్టిలో పడింది. చెట్టు మీది చిలుకలన్నీ ఒక్కసారి లేచి అరుచుకుంటూ పోయాయి.

పిల్ల కదలలేదు. మెడ కూడా తిప్పలేదు. పుల్లతో చీమల దారికి అడ్డం గీస్తూ ఉంది. పైనుంచి పోతున్న చిలుకల నీడలు నేల మీద కదిలాక అప్పుడు తలెత్తి చూసింది.

దాని వెనకకు పోయి చప్పట్లు కొట్టాను. ఎండు కొమ్మ విరిచాను. గొంతు చించుకుని పేరు పెట్టి పిలిచాను. అది పుల్ల పారేసి, ఇంకో పుల్ల కోసం పక్కకు చూసి, అక్కడ నా కాళ్లు కనిపించి, నవ్వింది.

ఇన్నాళ్లూ నేను పిలిస్తే వస్తోందనుకున్నాను. నా చెయ్యి చూసి వచ్చేది. గొర్రెలు ఇంటికి వస్తుంటే గంటలు విని వాకిట్లోకి ఉరుకుతోందనుకున్నాను. దుమ్ము చూసి ఉరికేది. ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ, దాన్ని చంకనేసుకుని, ఆ కోసు దూరం ఎట్లా నడిచి ఇంటికి చేరానో నాకు జ్ఞాపకం లేదు.

ఇంట్లో చెబితే మా అత్త ఒప్పుకోలేదు.

"చెవులు మంచిగనే ఉన్నయ్. నువ్వే ఒంకలు పెడుతున్నవ్. ఆగు, నేను సూపిస్త."

పిల్లను గోడ వైపు తిప్పి కూర్చోబెట్టి, వెనక నుంచి పెద్ద ఇత్తడి తాంబాలాన్ని నేలకేసి కొట్టింది. పిల్ల గిర్రున తిరిగింది. మా అత్త రెండు చేతులూ పైకెత్తి దండం పెట్టింది. నా పెనిమిటి ముఖంలో కళ వచ్చింది. ఇరుగుపొరుగు కూడా వచ్చి, "ఇనొస్తాంది, ఇనొస్తాంది" అన్నారు. ఆ రోజు బెల్లం అన్నం వండారు. నేనూ తిన్నాను. మరునాడు వాళ్లెవరూ లేనప్పుడు అదే తాంబాలాన్ని నేలకు తాకించకుండా, చేతిలో పట్టుకుని గరిటెతో కొట్టాను. పక్కన పడుకున్న కుక్క లేచి పోయింది. పిల్ల తిరగలేదు. నిన్న అది తిరిగింది నేల అదిరినందుకు. నా పెనిమిటిని పిలిచి ఇంకోసారి కొట్టి చూపించాను. ఆయన తాంబాలం నా చేతిలోంచి తీసుకుని గూట్లో పెట్టి, బయటకు పోయి, గొర్ల దొడ్డి తడిక పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.

పాలమూరు పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరు నిదానస్తుడు. ఇనుప చువ్వ లాంటిది మోగించి చెవి దగ్గర పెట్టి చూశాడు. చెవుల్లోకి దీపం వేసి చూశాడు.

"ఇది బీమారి కాదమ్మా. పుట్టుకే గంతె. మందు లేదు. వినరాదు గనక మాట రాలేదు. నాలుకకు ఏం దోషం లేదు" అన్నాడు.

"చిలుక కొరికిన పండు పెడుతున్నం దొరా" అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

ఆయన నవ్వలేదు. "పెట్టు, పండు మంచిదే" అన్నాడు. తర్వాత నా పెనిమిటి వైపు తిరిగి, పట్నంలో ఇలాంటి పిల్లలకు బడి ఉందని, అక్కడే ఉంచుకుని సైగలతో చదువు, చేతిపని నేర్పుతారని చెప్పాడు. నిజం చెప్పి కూడా మనసు విరవని మనిషిని ఆ రోజు మా ముందుకు పంపినందుకు దేవునికి దండం పెట్టుకున్నాను. బస్సులో వచ్చేటప్పుడు పిల్ల కిటికీలోంచి తీగల మీది పిట్టలను చూస్తూ నా మోకాలు మీద తడుతూనే ఉంది. ఆ దారంతా నేను తిరిగి సైగ చేయలేకపోయాను.

పండు కోసం పోవడానికి ఇక కారణం లేదు. అయినా పొద్దున్నే అది వచ్చి నా కొంగు పట్టుకుని గుట్ట వైపు గుంజేది. పోయేదాన్ని. జవాను తాతకు సంగతి చెప్పాను. అంతకుముందు ఆయన మమ్మల్ని దూరం నుంచి చూసి ఈల వేసేవాడు. చెప్పిన మరునాటి నుంచి వేయలేదు. ఎంత చుట్టు తిరగాల్సి వచ్చినా సరే, ఎదుటి నుంచే నడిచి వచ్చేవాడు, పిల్ల బెదరకుండా.

నాకు మాత్రం ఆ అడవి మునుపటిలా లేదు. పొద్దున పూట అక్కడ ఎంత మోత! పికిలి పిట్టలు, గోరింకలు, గువ్వలు, జెముడుకాకి గుప్పు గుప్పు మనడం. ఇంత మోత మధ్య నా బిడ్డ ఏ మోతా లేని చోట కూర్చుని ఉంది. నేను పక్కనే ఉన్నాను, ఆ చోటికి పోలేను.

వానకాలం ముగిసే రోజుల్లో ఒక సాయంత్రం అది ఇంట్లో కనిపించలేదు. వాడకట్టంతా వెతికాం. అది గుట్ట ఎక్కుతుంటే చూశామని గొర్ల పిల్లగాళ్లు అన్నారు. నేనూ నా పెనిమిటీ అడవిలోకి ఉరికాం. అడవి పందులు తిరిగే వేళ. చిరుతపులి జాడ కూడా ఆ నెలలో జవాను తాత చూశాడు. మా ఆయన గొర్రెలను పిలిచే కేక గుట్ట అవతలికి కూడా వినిపిస్తుంది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, ఆ కేకతో బిడ్డ పేరు పిలుస్తూ పోతున్నాడు. నేనూ పిలుస్తున్నాను. కొంతదూరం అట్లా పోయాక నేను ఆగిపోయాను.

"ఎవల్ని పిలుస్తున్నవయ్యా?" అన్నాను.

ఆయన చేతులు దించాడు. ఆ ముఖం నేను మళ్లీ ఎన్నడూ చూడకూడదని కోరుకున్న ముఖం.

అక్కడే నిలబడి కళ్లు మూసుకుని ఆలోచించాను. పొద్దు గుంకేముందు పిట్టలెక్కడుంటాయి? వాగు మడుగు వైపు ఉరికాను. అక్కడ రాయి మీద కూర్చుని ఉంది. అవతలి గట్టున నెమళ్లు నీళ్లు తాగుతున్నాయి. వెనక నుంచి పోతే బెదిరి మడుగులో పడుతుందేమోనని చుట్టూ తిరిగి ఎదుటికి పోయాను. నన్ను చూసి, వేలు పెదవుల మీద పెట్టింది. నేను చిలుకల దగ్గర కదలొద్దని చేసే సైగ అది. కదిలితే నెమళ్లు పోతాయట. మల్లన్నా, దక్కించినవా తండ్రీ అనుకుంటూ అక్కడే తడి మట్టిలో కూలబడ్డాను.

ఆ రాత్రి అన్నం ముందు మా ఆయన అన్నాడు.

"దాన్ని పట్నం బడికి పంపుదాం."

"ఇంత పిల్లనా? ఆడ దానితోని ఎవలు మాట్లాడుతరు?"

"ఈడెవలు మాట్లాడుతున్నరే?"

"నేను మాట్లాడుతున్న."

"నువ్వున్నన్ని దినాలు నువ్వు. నీ ఎనుక?"

మా అత్త గోడకానుకుని కూర్చుని అంతా వింటోంది. "పంపండి బిడ్డా. నాకు దెల్సిన మందు అయిపోయింది" అని, కంచం దగ్గరకు తీసుకుని, తినకుండా లేచింది. ఆమెను నేను ఎన్నడూ తప్పు పట్టలేదు. ఆమె చెప్పిన పండు కోసమే గదా ఆ అడవికి పోయింది. పోకుంటే నాకు బిడ్డ సంగతి ఇంకెన్నేళ్లకు తెలిసేదో.

అది ఆ బడిలో ఏళ్లపాటు ఉంది. రాయడం, చదవడం, కుట్టుపని నేర్చుకుంది. తన చేతి కూడు తాను తింటోంది. దానికి దేవునికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. కానీ నేను రాయాలనుకున్నది అది బయలుదేరిన పొద్దు గురించి.

బస్సు మధ్యాహ్నం. పొద్దున్నే దాన్ని తీసుకుని శికారు బంగ్లా దగ్గరకు పోయాను. దానికి చెప్పాలి. నిన్ను ఒక చోట వదిలి వస్తాను, వదిలేయడం లేదు, సంక్రాంతికి వచ్చి తీసుకుపోతాను అని చెప్పాలి. రాత్రంతా ఆలోచించాను, ఎట్లా చెప్పాలని. మా ఇద్దరి మధ్య ఉన్న సైగలన్నీ పిట్టలవే. రేపు అనే దానికి సైగ లేదు. మళ్లీ అనే దానికి లేదు. అమ్మ అనే దానికి కూడా లేదు. ఎదురుగా ఉండేదానికి సైగ ఎందుకని ఇద్దరం కల్పించుకోలేదు.

మెట్ల మీద దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. దాని గుండె మీద చెయ్యి పెట్టి, ఆ చేతిని దూరంగా, చెట్ల మీదుగా పోనిచ్చాను. అక్కడ కాసేపు ఆపాను. మళ్లీ తిప్పుకుని వచ్చి దాని గుండె మీదే పెట్టాను. అది శ్రద్ధగా చూసింది. ఇంకోసారి చేశాను. పోవడం, ఆగడం, తిరిగి అక్కడికే రావడం. నా కళ్లలో నీళ్లు తిరుగుతున్నా ముఖం నవ్వుతూ ఉండేలా చూసుకున్నాను.

దానికి అర్థమైంది. ముఖమంతా విప్పారింది. లేచి నిలబడి చుట్టూ వెతికింది. బంగ్లా ముందున్న ఎండు మోడు మీద పసుల పోలిగాడు కూర్చుని ఉంది, పసుల వీపులెక్కి తిరిగే ఆ నల్లని చీలుతోక పిట్ట. అది కొమ్మ మీద నుంచి గాలిలోకి దూకి, పురుగును పట్టుకుని, తిరిగి అదే కొమ్మ మీద వాలింది. మళ్లీ దూకింది, మళ్లీ అక్కడికే వచ్చింది. నా బిడ్డ దాన్ని చూపించి, నా చెయ్యి పట్టుకుని అటు ఇటు ఊపి, ఏ పిట్ట అని అడిగితే సరైన జవాబు చెప్పిన పిల్లలా నా ముఖంలోకి చూసింది.

నేను తల ఊపాను. అవును, అదే. మంచిగ చెప్పినవ్ బిడ్డా.

దాన్ని చంకనేసుకుని గుట్ట దిగాను.